పునాది గుంటలో ఊట: తోడటమా, ఆగటమా?

పశ్చిమ గోదావరి డెల్టాలోని ఒక పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. వారిది అయిదు సెంట్ల స్థలం. వెనక యాభై గజాల దూరంలో పంట కాలువ ఉంది. పాత పెంకుటిల్లు తీసేసి, కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను వేసుకుందామని మాఘమాసంలో శంకుస్థాపన చేశారు. పిల్లర్ల ఫుటింగుల (పిల్లరు కింద పోసే కాంక్రీటు దిమ్మల) కోసం ఏడడుగులు, ఈశాన్యం మూల సంపు (నేల కింది నీళ్ల తొట్టి) కోసం ఎనిమిది అడుగులు జేసీబీతో తవ్వించారు. పైన రెండున్నర అడుగులు మెరక మట్టి, దాని కింద బూడిద రంగు బంకమట్టి, అయిదున్నర అడుగుల దగ్గర సన్న ఇసుక పడ్డాయి. ఇసుక తగలగానే అడుగు నుంచి నీళ్లు బుడబుడమంటూ పైకి వచ్చాయి. తెల్లవారేసరికి నేలకు మూడున్నర అడుగుల దిగువ దాకా గుంట నిండిపోయింది. మేస్త్రీ రెండు డీజిల్ ఇంజన్లు పెట్టి వారానికి పైగా తోడిస్తున్నారు. ఒడ్లు జారుతున్నాయి, అడుగున కూలీల కాళ్లు పిక్కల దాకా దిగబడుతున్నాయి, రోడ్డు పక్క డ్రైనులోకి పోయే నీళ్లు మురుగ్గా బూడిద రంగులో ఉన్నాయి.

అసలు చిక్కు తూర్పు వైపు ఉంది. ఆ ఇల్లు వారి భర్తకు పెద్దమ్మగారిది. యాభై ఏళ్ల నాటి ఇటుక గోడలు, సున్నం కట్టుబడి. ఆ గోడ హద్దుకు నాలుగడుగుల దూరంలో ఉంటే, జేసీబీ హద్దుకు అడుగు ఇవతలి దాకా తవ్వింది. ఇప్పుడు ఆ గోడలో ఉత్తరం వైపు కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా బీట వచ్చింది. ఒంటరిగా ఉంటున్న ఆ పెద్దావిడ, "నేను పోయాక కట్టుకుంటే సరిపోయేది కదా" అన్నారట. భర్త ఇంకో రెండు ఇంజన్లు తెచ్చి నాలుగు రోజుల్లో ఫుటింగులు పోసేద్దామంటున్నారు. ప్లాను గీసిన ఇంజనీరు పని ఆపి, కాలువలు కట్టేశాక చూద్దామంటున్నారు. మరిది రాఫ్ట్, అంటే ఇంటి కింద అంతా ఒకే కాంక్రీటు పలక, వేసేయమంటున్నారు. పునాది పూర్తయితే గాని బ్యాంకు మొదటి విడత ఇవ్వదు. అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఎవరి మాట వినాలి, పెద్దమ్మగారికి ఏం చెప్పాలి, తోడిన నీళ్లతో క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడపడం) చేసుకోవచ్చా అన్నవి వారి ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అందరూ నీళ్ల గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది డ్రైనులోకి పోతున్న నీళ్ల రంగు. ఊట నీరు ఎంత వచ్చినా అది తేటగా వస్తున్నంత కాలం ఇబ్బంది ఖర్చుకు సంబంధించినది మాత్రమే. అది మురుగ్గా వస్తోందంటే నీటితో పాటు నేల కూడా పైపులోంచి బయటకు పోతోందన్నమాట, ఆ నేల మీ గుంట అడుగు నుంచీ, గుంట పక్కల నుంచీ, అంటే మీ పెద్దమ్మగారి గోడ కింద నుంచీ కూడా వస్తూ ఉండవచ్చు. ఈ రోజే ఒక పని చేయండి. ఇంజను పైపు చివర ఒక తెల్లటి గాజు సీసాలో నీళ్లు పట్టి, ఒక పూట కదపకుండా ఉంచి, అడుగున ఎంత మన్ను పేరుకుందో చూడండి. తోడటం మొదలుపెట్టిన తొలి గంటల్లో కాస్త మన్ను రావడం సహజం. వారం దాటాక కూడా సీసా అడుగున ఇసుక పేరుకుంటోందంటే, ఆ పద్ధతిలో ఇక ఒక్క గంట కూడా తోడకూడదు. ఇంజన్లు నాలుగు చేయాలన్న మీ వారి ఆలోచనకు ఈ సీసాయే జవాబు చెబుతుంది. మీరు వాదించాల్సిన పని ఉండదు.

అక్కడ జరుగుతున్నదేమిటో చెబుతాను, ఆ తరవాత దారులు చూద్దాం. దాళ్వాకు (రెండో పంటకు) కాలువలు నిండుగా పారుతున్న రోజులివి. కాలువ నీరు నేలలోకి ఇంకి, సన్న ఇసుక పొరలో పక్కలకు సులువుగా పారుతుంది. ఆ పొర మీద మూడడుగుల బంకమట్టి మూతలా ఉన్నంత కాలం నీరు లోపలే ఒత్తిడితో ఉండేది. మీ జేసీబీ ఆ మూతను తీసేసింది. గుంటలో నీటిని కిందికి దించిన కొద్దీ బయటి నీటిమట్టానికీ లోపలి మట్టానికీ తేడా పెరుగుతుంది, ఆ తేడాయే నీటిని గుంట అడుగు నుంచి పైకి నెడుతుంది. ఆ నెట్టుడు ఒక హద్దు దాటితే ఇసుక రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనకుండా తేలిపోతాయి. మీ కూలీల కాళ్లు దిగబడటం ఇదే. పైకి లేచిన ఆ ఇసుక పునాదికి పనికిరాదు. దాని మీద వెంటనే ఫుటింగు పోస్తే, ఇంటి బరువు పడ్డాక అది ఒక్కో పిల్లరు కింద ఒక్కో తీరుగా కుంగుతుంది.

పక్కింటికి హాని రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఇప్పుడు చెప్పిన ఇసుక తరలిపోవడం, ఇది రోజుల్లో కనిపిస్తుంది. రెండోది నెమ్మదిగా వస్తుంది: నేలలో నీటిమట్టం పడిపోతే, నీరు మోస్తున్న భారం మట్టి మీద పడి, బంకమట్టి పొర నొక్కుకుపోయి, పైన ఉన్న గోడ కుంగుతుంది. తోడుడు ప్రభావం ఎంత దూరం పోతుందో అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే పాత సూత్రం ఒకటుంది. దాని ప్రకారం ఓ మోస్తరు ఇసుకలో నీటిమట్టాన్ని మీటరున్నర దించితే ప్రభావం సుమారు 45 మీటర్ల దాకా విస్తరించవచ్చు. ఇది అందాజా లెక్క, సన్న ఇసుకలో ఇంకా తక్కువే ఉంటుంది. అయినా అయిదడుగుల దూరంలో ఉన్న గోడ సంగతి చెప్పడానికి ఆ సూత్రం కూడా అక్కర్లేదు. ఆ రోజుల్లో కట్టిన ఇళ్లకు పునాది సాధారణంగా మూడడుగులకు మించి ఉండదు. మీ సంపు గుంట అడుగు ఆ పునాదికి అయిదడుగుల దిగువన, అయిదడుగుల దూరంలో ఉంది. అంటే ఆమె పునాది అంచు నుంచి కిందికి నలభై అయిదు డిగ్రీల వాలులో గీత గీస్తే, అది సరిగ్గా మీ సంపు గుంట మూలకు తగులుతుంది. ఎండిన గట్టి నేలలోనే అది జాగ్రత్త పడవలసిన గీత. నీళ్లు నిండిన సన్న ఇసుకలో అంతకు రెట్టింపు దూరం కావాలి. బీట ఉత్తరం వైపు కిటికీ దగ్గరే రావడానికి కారణం మీ ఈశాన్యం మూల గుంటే అయి ఉంటుందని నా అభిప్రాయం. దగ్గరుండి చూసిన ఇంజనీరు దీన్ని రూఢి చేయాలి.

కాబట్టి ఈ వారంలో చేయవలసిన పని చాలామందికి తలకిందులుగా తోస్తుంది. ఇంజన్లు ఆపి, గుంటలోకి నీళ్లు రానివ్వండి. లోపల నీరు పెరిగితే బయటి నీటితో సమానమవుతుంది, అడుగు నుంచి వచ్చే నెట్టుడు ఆగిపోతుంది, ఒడ్లకు లోపలి నుంచి ఆనిక దొరుకుతుంది. చూడటానికి ఓడిపోయినట్టు ఉంటుంది గాని, ఉబుకుతున్న ఇసుకను ఆపడానికి ఇంతకంటే తొందరైన ఉపాయం లేదు. సంపు గుంటను మాత్రం అలా వదిలేయకుండా, అడుగున కంకర పోసి, ఆ పైన నీటిమట్టం దాటేదాకా ఇసుకతో పూడ్పించండి. నీళ్లలో మట్టిని దిమ్మిస కొట్టలేరు గనుక నీటి కింద మట్టి వేయించవద్దు, కంకర, ముతక ఇసుక మాత్రమే వేయించండి. తూర్పు ఒడ్డు పొడవునా ఇసుక బస్తాలు మెట్లుగా పేర్పించి, ఆ ఒడ్డు మీద ఉన్న మట్టి కుప్పలను కనీసం నాలుగయిదు అడుగులు వెనక్కి తీయించండి. ఆ పక్కన లారీ, జేసీబీ తిరగకూడదు. గుంటకు చుట్టూ కంచె కట్టించండి. నీళ్లు నిండిన గుంట వీధి పిల్లలకు ప్రమాదం. ఒకసారి నింపిన గుంటను మళ్లీ తోడవలసి వస్తే ఒక్కసారిగా తోడవద్దు. నీరు వేగంగా దిగితే, నానిన ఒడ్లు దానితో పాటే కూలతాయి. రోజుకు ఒక అడుగు చొప్పున దించితే మంచిది.

పెద్దమ్మగారి దగ్గరకు మీ వారిని వెంటబెట్టుకుని మీరే వెళ్లండి, మేస్త్రీని పంపవద్దు. "పాత ఇల్లు కదా, బీటలు ముందే ఉండి ఉంటాయి" అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. అది నిజమై ఉండవచ్చు, కాని దాన్ని తేల్చవలసింది కొలత. బీట రెండు చివరలా పెన్సిలుతో అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ రాయండి. బీట మీద అడ్డంగా పలుచని గాజు పలకను రెండు వైపులా సిమెంటుతో అతికించండి. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది. గదులన్నిటికీ ఫోటోలు తీసి, ఒక ప్రతి ఆవిడకు ఇవ్వండి. వెంట్రుక మందం బీటకు భయపడనక్కర్లేదు. తలుపు, కిటికీ రెక్కలు బిగుసుకుపోవడం, బీట అయిదు మిల్లీమీటర్లకు చేరడం, గచ్చు ఒరగడం వంటివి కనిపిస్తే మాత్రం ఆ గదిని ఖాళీ చేయించి, ఆవిడను కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోండి, అదే రోజు ఇంజనీరును పిలవండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షను, పక్క నేల తన నేలకు సహజంగా ఇచ్చే ఆనికను ప్రతి భూయజమానికి ఉన్న హక్కుగా చెబుతుంది. ఆ నేల మీద కట్టిన ఇంటికి కూడా అలాంటి ఆనిక ఇరవై ఏళ్లు అడ్డులేకుండా అందితే అది స్థిరమైన హక్కు అవుతుందని పదిహేనో సెక్షను అంటుంది. ఆవిడ ఇల్లు యాభై ఏళ్ల నాటిది. అంటే ఆవిడ కోర్టుకు వెళితే మీ మీద ఆపుదల ఉత్తర్వు తెచ్చుకునే అవకాశం బలంగానే ఉంది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. చుట్టరికం వల్ల ఆవిడ ఊరుకుంటున్నారే తప్ప హక్కు లేక ఊరుకోవడం లేదని మీ వారికి తెలియాలి. "మా పని వల్ల వచ్చిన బీటలు మా ఖర్చుతో బాగు చేయిస్తాం, అప్పటిదాకా వారానికోసారి కొలత చూపిస్తాం" అని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. బాగుచేయడం మాత్రం ఇప్పుడే వద్దు. మీ పునాదులు పూర్తయి, నీటిమట్టం తిరిగి కుదురుకుని, గాజు పలకలు ఒక వర్షాకాలం పగలకుండా నిలిచాక చేయిస్తేనే ఆ పూత నిలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. మీ ముందు నాలుగు దారులున్నాయి, ఏదీ ఉచితం కాదు.

ఇంజనీరు చెప్పినట్టు ఆగడం వాటిలో ఒకటి. గోదావరి డెల్టాలో సాధారణంగా ఏప్రిల్ నెలలో కాలువలు కట్టేసి, జూన్ మొదట్లో మళ్లీ వదులుతారు. తేదీలు ఏటేటా మారతాయి గనుక మీ నీటిపారుదల శాఖ కార్యాలయంలో కనుక్కోండి. కాలువ ఎండగానే ఊట ఆగిపోదు. నేలలోని నీరు దిగడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి మీకు పనికొచ్చేది మే నెల ఒక్కటే అనుకోవాలి. ఆ నెలలో మీ వీధిలో నీరు ఎంత దిగుతుందో పుస్తకాల్లో దొరకదు. పాత నుయ్యి ఉన్న ఇల్లు చూసుకుని, వేసవిలో నీళ్లు ఎన్నో వర దాకా దిగుతాయో ఆ ఇంటి పెద్దవాళ్లను అడగండి. ఏడడుగుల దిగువకు దిగుతాయంటే ఇంజనీరు మాట బంగారం. అయిదడుగుల దగ్గరే ఆగుతాయంటే మూడు నెలలు ఆగి కూడా మళ్లీ ఇంజన్లు పెట్టవలసిందే, కాకపోతే తోడుడు తక్కువ, ప్రమాదం తక్కువ. ఆగడంలో అద్దె ఖర్చుంది, అకాల వర్షం భయముంది, మే నెలలో ఊళ్లో ప్రతివాళ్లూ పునాదులు మొదలుపెడతారు గనుక కూలీలు దొరకకపోవడం ఉంది. కాని ఇంజన్ల అద్దె, డీజిలు, రాత్రి కాపలా మనిషి కూలి కలిపి వారానికి ఎంతయిందో కాగితం మీద రాసి, మూడు నెలల ఇంటి అద్దె పక్కన పెట్టి చూడండి. బ్యాంకు విషయంలో మీ ఆందోళన కొంత అనవసరం. మొదటి విడత విడుదల కాలేదు గనుక దాని మీద వడ్డీ ఇంకా మొదలు కాలేదు. మంజూరు ఎన్ని నెలలు చెల్లుతుందో అడిగి, అవసరమైతే ఇంజనీరు ఉత్తరంతో గడువు పొడిగించమనండి. శంకుస్థాపన అయిపోయింది కాబట్టి ముహూర్తం దోషం కూడా లేదు.

రెండోది మీ మరిది చెప్పిన రాఫ్ట్. దాన్ని వెర్రి ఆలోచనగా కొట్టేయవద్దు. ఇంటి కింద అంతా ఒకే కాంక్రీటు పలక వేసి బరువును పరిస్తే, నేల మీద ఒత్తిడి బాగా తగ్గుతుంది, ఏడడుగులు దిగవలసిన అవసరమే ఉండదు. మూడు, మూడున్నర అడుగుల లోతులో, అంటే దాదాపు నీటిమట్టానికి పైనే పని పూర్తి చేసి, మెరక పోసుకుని పైకి కట్టుకోవచ్చు. వరదలకు, మురుగుకు భయపడే ఊళ్లలో ఎత్తు ఎలాగూ కావాలి. కాని ఇందులో మూడు మెలికలున్నాయి. ఇనుము, కాంక్రీటు ఎక్కువ పడతాయి. ఆ లోతులో ఉన్న బంకమట్టి ఎంత మోస్తుందో, తడికి ఉబ్బి, ఎండకు కుదించుకుపోయే రకమో కాదో తేలాలి. అన్నిటికంటే కష్టమైనది మీరు ఇప్పటికే ఏడడుగులు తవ్వి ఉండటం. ఆ గుంటను నీటిమట్టం దాకా కంకరతోనూ, అక్కడి నుంచి ఆరేసి అంగుళాల వరసలుగా ఇసుక వేసి, తడిపి, యంత్రంతో దిమ్మిస కొట్టి పూడ్చాలి. ట్రాక్టరు మట్టి దింపి, నీళ్లు పెట్టి, "అదే కుదురుకుంటుంది" అంటే రాఫ్ట్ పగలకపోయినా ఇల్లు మొత్తంగా ఒరుగుతుంది.

మూడో దారి వెల్‌పాయింట్లు. గుంట లోపల తోడకుండా, గుంట చుట్టూ మీటరు, మీటరున్నర దూరానికొకటి చొప్పున జల్లెడ మూతి ఉన్న సన్నని గొట్టాలు దింపి, అన్నిటినీ ఒక పెద్ద గొట్టానికి కలిపి, ఒక పంపుతో పీలుస్తారు. నీరు గుంటలోకి రాకముందే కిందికి దిగిపోతుంది, నెట్టుడు పైకి ఉండదు, జల్లెడ వల్ల ఇసుక రాదు. సన్న ఇసుకకు ఇది చక్కగా పనిచేస్తుంది, మీకు కావలసిన లోతు దాని శక్తికి లోపలే ఉంది. అయితే ఇది ఇసుక తరలిపోవడాన్ని ఆపుతుంది గాని పక్కింటి కింద నీటిమట్టం పడిపోవడాన్ని ఆపలేదు. బంకమట్టి నొక్కుకునే ప్రమాదం అలాగే ఉంటుంది, అందుకే ఎంత తక్కువ రోజుల్లో ముగిస్తే అంత మంచిది. చిన్న ఇంటి పనికి ఈ సరంజామా తెచ్చేవాళ్లు తక్కువ, రోజు లెక్కన అద్దె ఎక్కువ. పెద్దమ్మగారి ఇల్లు ఇంకో పాతిక అడుగుల అవతల ఉండి ఉంటే మొదట దీన్నే చెప్పేవాడిని.

ఇక పైల్స్. నేలలో సన్నని లోతైన రంధ్రాలు తొలిచి, బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) ద్రవంతో ఆ రంధ్రాల గోడలు నిలబెట్టి, అడుగు దాకా గొట్టం దింపి కాంక్రీటు పోస్తారు. నీళ్లు తోడే పని దాదాపు ఉండదు, పక్కింటికి ఊట వల్ల హాని ఉండదు. దెబ్బలతో దిగగొట్టే రకం పైల్స్ మాత్రం ఆ సున్నం గోడ పక్కన ఊహించవద్దు. రెండు అంతస్తుల ఇంటికి ఇది బరువైన ఖర్చే. అయినా మట్టి పరీక్షలో పైన పదిహేను అడుగులూ బలహీనంగా తేలితే ఇదే చివరకు చవక అవుతుంది.

ఇంత రాశాక కూడా ఒక్కటి ఎంచుకోమని చెప్పలేకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: మట్టి పరీక్ష చేయించినట్టు ఎక్కడా లేదు. ఫుటింగుల లోతు ఏడడుగులని ఎవరు నిర్ణయించారో, దేన్ని బట్టి నిర్ణయించారో అడగండి. "ఈ వీధిలో అందరూ అంతే వేశారు" అన్నది జవాబైతే, ఒక బోరు వేయించి మట్టి పరీక్ష చేయించడం మీరు పెట్టే అతి తెలివైన ఖర్చు. చిన్న స్థలానికి ఒకటి చాలు, రెండయితే మరీ మంచిది. నీటిమట్టం, ఒక్కో పొర మందం, మోసే శక్తి, నీటిలో ఉప్పు, సల్ఫేట్ల పాలు ఆ నివేదికలో ఉండాలి. నీటిమట్టం పునాది అడుగుకు చేరితే ఇసుక నేల మోసే శక్తి సగం దాకా తగ్గవచ్చు. వర్షాకాలంలో ఉండే మట్టాన్ని లెక్కలోకి తీసుకున్నారో లేదో ఇంజనీరును ప్రత్యేకంగా అడగండి. నివేదిక చేతికి వచ్చాక బంకమట్టి ఫరవాలేదంటే నా మొగ్గు రాఫ్ట్ వైపు, నుయ్యి సంగతి అనుకూలంగా ఉంటే మే దాకా ఆగడం వైపు. నాలుగు ఇంజన్ల వైపు మాత్రం ఏ నివేదిక వచ్చినా మొగ్గను.

సంపు విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను, దాన్ని మానేయండి. మీరు కొలతలు రాయలేదు గనుక మామూలుగా కట్టేది తీసుకుంటాను: బయటి కొలతల్లో మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. అడుగు, గోడలు పదిహేను సెంటీమీటర్ల మందం, పైన పన్నెండు సెంటీమీటర్ల పలక అనుకుంటే కాంక్రీటు బరువు దాదాపు పది టన్నులు, పైపలక వేయకముందు ఎనిమిది టన్నుల పై చిల్లర. నీటిమట్టం నేలకు అర మీటరు దిగువన ఉంటే ఆ నీరు సంపును పైకి నెట్టే బలం తొమ్మిది టన్నులు. ఖాళీ బిందెను చెరువులో ముంచితే పైకి తన్నినట్టే, పలక వేయని ఖాళీ సంపు నేలలోంచి లేస్తుంది. పలక వేశాక నిలిచినా, ముసురు పట్టి నీరు నేల మట్టానికి వస్తే నెట్టుడు పన్నెండు టన్నులవుతుంది. కడగడానికి ఖాళీ చేసిన రోజు అదే జరిగితే గొట్టాలు తెగుతాయి, గోడలు పగులుతాయి. అడుగు పలకను బయటికి పొడిగించి, దాని మీద మట్టి బరువు వేసి దీన్ని ఆపవచ్చు, కాని ఆ పనికోసం ఈశాన్యం మూలను ఇంకా వెడల్పుగా, అంటే పెద్దమ్మగారి గోడకు ఇంకా దగ్గరగా తవ్వాలి. అదే మూలలో నేల మీద ఒక ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుంటే వాస్తు చెప్పేవారికి నీళ్లు ఈశాన్యంలోనే ఉన్నాయన్న తృప్తి, మీకు నిద్ర రెండూ మిగులుతాయి.

ఏ దారి పట్టినా కొంత తోడుడు తప్పకపోవచ్చు, అప్పుడు మేస్త్రీ చేత ఇలా చేయించండి. తోడే గుంట ఫుటింగు లోపల ఉండకూడదు. పడమర వైపు, పెద్దమ్మగారి గోడకు దూరంగా, ఫుటింగు అడుగుకు రెండడుగుల దిగువకు ఒక చిన్న గొయ్యి తీసి, అందులో రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు చుట్టూ చిల్లులు పెట్టి, నైలాన్ వల రెండు చుట్లు చుట్టి నిలబెట్టాలి. డ్రమ్ముకు, గోతికి మధ్య జానెడు మందాన, గోతి మట్టి వైపు ముతక ఇసుక, డ్రమ్ము వైపు చిప్స్ కంకర నింపాలి. పంపు డ్రమ్ము లోపల ఉంటుంది. గుంట అంచుల వెంబడి చిన్న కాలవ తీసి, కంకర నింపి, దాన్ని ఈ గోతికి కలపాలి. ఇలా తోడిన నీరు కొన్ని గంటల్లో తేటపడాలి, లేకపోతే వల, కంకర మార్చాలి. కరెంటు మోటారు వాడితే ముప్పై మిల్లీ ఆంపియర్లకు ఆగిపోయే లీకేజీ బ్రేకరు లేకుండా, తడిలో నిలబడే మనుషుల మధ్య దాన్ని పెట్టనివ్వవద్దు.

కాంక్రీటు పోసే రోజు నీరు ఫుటింగు అడుగుకు కనీసం అడుగున్నర దిగువన ఉండాలి. నీళ్లు చెమ్మగిల్లుతుంటే సిమెంటు బస్తా విప్పి పొడిగా చల్లేసి, "పీల్చేసుకుంది" అనే అలవాటు మేస్త్రీలకు ఉంది. నీటి చెమ్మ పైకి కనబడదు గాని, అడుగున బలం లేని గుల్ల పొర ఏర్పడుతుంది. కాంక్రీటు పోస్తుండగా పక్కనే పంపు పీలుస్తుంటే సిమెంటు పాలు నీటితో పాటు పోతాయి. గొయ్యి దూరంగా ఉండాలనడానికి అది ఇంకో కారణం. పోసిన తరవాత కనీసం ఇరవై నాలుగు గంటలు పంపు ఆగకూడదు. రెండో పంపు, డీజిలు, రాత్రంతా మేలుకునే మనిషి సిద్ధంగా ఉన్నారని మీరే చూసుకోండి. నీటిలో ఉండే పునాదికి ఎం25 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే గుర్తు) కంటే తక్కువ కాంక్రీటు వద్దు, ఉప్పు, సల్ఫేట్లు ఎక్కువని తేలితే ఇంకా పై గ్రేడు కావాలి. ఫుటింగు ఇనుముకు అన్ని వైపులా యాభై మిల్లీమీటర్ల కవరు, అంటే ఇనుమును కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. మేస్త్రీతో మీరు చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుని ఉంటే, నీళ్లు తోడే ఖర్చు ఎవరిదో ఆ ఒప్పందంలో ఉండి ఉండదు. ఎన్ని రోజులు తోడితే అన్ని రోజుల కూలి మీరే ఇస్తున్నట్లయితే తోడుడు తొందరగా ముగించాలన్న పట్టుదల ఆయనకు ఎందుకుంటుందో ఆలోచించి, కొత్తగా రాసుకోండి.

మీ వారితో మాట్లాడేటప్పుడు ఆయన తొందరను తప్పుగా చూపవద్దు. అద్దె, అప్పు, ఊళ్లో మాట, అన్నీ ఆయన భుజాల మీదే ఉన్నట్టు మీ ఉత్తరమే చెబుతోంది. సీసా అడుగున పేరుకున్న మన్నును చూపించి, నాలుగు రోజుల్లో పోసిన ఫుటింగు ఆ లేచిన ఇసుక మీద కూర్చుంటుందని ఇంజనీరు చేత ఆయనకే నేరుగా చెప్పించండి. పెద్దమ్మగారి మీద గౌరవం, సొంత ఇంటి మీద జాగ్రత్త ఈ విషయంలో రెండూ ఒకే వైపు ఉన్నాయి గనుక, మీరు ఎవరి పక్షం తీసుకుంటున్నారన్న ప్రశ్న రాదు.

క్యూరింగ్ సంగతి మిగిలింది. తోడిన నీటిని పరీక్షించకుండా కాంక్రీటు కలపడానికి గాని, తడపడానికి గాని వాడవద్దు. మీ జిల్లాలో చాలా చోట్ల, ముఖ్యంగా రొయ్యల, చేపల చెరువుల దగ్గర, భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. ఇనుము వాడే కాంక్రీటులో కలిపే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడ్లు మించకూడదని, ఉదజని సూచిక (పీహెచ్) 6 కంటే తగ్గకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. నాలుక మీద ఉప్పదనం తెలియని నీరు కూడా ఈ హద్దు దాటి ఉండవచ్చు. దగ్గరలోని ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో శుభ్రమైన సీసాలో నీళ్లు ఇచ్చి పరీక్ష చేయించండి. నీరు మంచిదని తేలితే ఒక డ్రమ్ములో పట్టి, తేరనిచ్చి వాడుకోండి. ఉప్పదని తేలితే డ్రైనులోకి పోనివ్వడమే మేలు. అదీ పురపాలక సంఘానికి ఒక మాట చెప్పి, పైపు మూతి పెద్దమ్మగారి గోడకు దూరంగా ఉండేలా చూసి.